పొగ నిలబడిన గది

మా మేస్త్రి పోయి నాలుగేళ్లవుతోంది. బతికుంటే, మొన్న విశాఖలో ఆ టై కట్టుకున్న పెద్దమనిషిని నాలుగు మాటలని, ఆయన స్టాలు మూయించి మరీ వచ్చేవాడు.

ఇళ్ల సామాన్ల ఎగ్జిబిషన్ అది. టై ఆయన చేతిలో పెన్నులాంటి వస్తువొకటి ఉంది. మీట నొక్కితే సన్నగా పొగ వస్తుంది. దాన్ని కిటికీ ఫ్రేము అంచున పట్టుకుని చూపిస్తున్నాడు. పొగ వంగిందంటే అక్కడ సందు ఉన్నట్టట, ఏసీ చల్లదనం ఆ సందులోంచి పోతున్నట్టట, దాంతోపాటే మన కరెంటూ పోతున్నట్టట. విదేశాల్లో ఈ పరీక్ష అయ్యాకే ఇల్లు అప్పగిస్తారని చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఈ పరీక్ష నాకు ఇరవై రెండేళ్లప్పుడే అనకాపల్లిలో ఒక బెల్లం కొట్లో చూశాను. అక్కడ పెన్ను లేదు, అగరొత్తి ఉంది. చేసినాయన మా మేస్త్రే, నాలుగో తరగతి దాటలేదు. ఆయన చావుకి నేనే కారణమంటే పెద్దమాట అవుతుందేమో. ఆయన నన్నొక మాట అడిగాడు. నేను ‘సరే’ అనలేదు. జరిగింది అంతే.

మనిషి పొట్టి. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన తెల్ల లుంగీ, చొక్కా జేబులో పెన్సిలు ముక్క, దాని పక్కనే సగం కాలిన రెండు అగరొత్తులు. వాళ్లది క్రైస్తవ కుటుంబం. చర్చికి వెళ్లేటప్పుడు కూడా ఆ అగరొత్తులు జేబులోనే ఉండేవి. సంఘపెద్దలు ఒకసారి నిలదీశారట. దేవుడి కోసం కాదని, గాలి కోసమని ఆయన జవాబు చెప్పాడు. వాళ్లకది అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పే అలవాటు ఆయనకూ లేదు. పైగా పాస్టరు గారి ప్రసంగంలో జనం నిద్రపోతున్నారంటే తప్పు ప్రసంగానిది కాదని, తూర్పు కిటికీలు మేకులు కొట్టి మూసేసిన వాళ్లదని అక్కడే అనేసి వచ్చాడు. ఆ తరవాత మేకులు పీకేశారు. ఆయనతో మాట్లాడటం కూడా కొన్నాళ్లు మానేశారు.

ఆయన అసలు పని బెల్లం కొట్లు. అనకాపల్లిలో బెల్లం దిమ్మలు నిలవ చేసే గదికి గాలి శత్రువు. వానాకాలం చెమ్మ గాలి ఏ సందులోంచి దూరినా దిమ్మకి చెమట పడుతుంది, మెత్తబడుతుంది, కారిపోతుంది. అందుకని షావుకార్లు గది కట్టించగానే ఈయన్ని పిలిచేవారు. లోపలికి వెళ్లి తలుపు వేయించుకునేవాడు. అగరొత్తి వెలిగించి గుమ్మం చుట్టూ, కిటికీ చెక్కల చుట్టూ, గోడా స్లాబూ కలిసే చోటా మెల్లగా తిప్పేవాడు. పొగ వంగిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టేవాడు. గీతలన్నీ పూడ్చాక మళ్లీ వెలిగించేవాడు. పొగ నిట్టనిలువుగా లేచి స్లాబు దాకా పోయి అక్కడ పరుచుకుంటే పని అయినట్టు. బయటికొచ్చి ‘మూసుకోండి’ అనేవాడు.

మనుషుల ఇళ్లకి మాత్రం లెక్క తిరగేసేవాడు. ఆ పొగ నిలబడకూడదు. ఒక పక్క నుంచి వచ్చిన గాలి ఇంకో పక్క నుంచి, అదీ స్లాబు దగ్గరగా, వేడిని వెంటబెట్టుకుని పోవాలి.

“గాలి వత్తే సాలదు బావూ, ఎల్లాల,” అనేవాడు. రోజుకి పదిసార్లు విని ఉంటాను.

ఇంటి గోడని ఆయన అరచేత్తో ముట్టుకునేవాడు కాదు. చెయ్యి తిప్పి వేళ్ల వెనక భాగం ఆనించి చూసేవాడు. పిల్లలకి జ్వరం చూసినట్టుండేది. పడమటి గోడకి సాయంత్రం నాలుగింటికి అలా చెయ్యానించి, ఆ ఇంటివాళ్లు వేసవిలో ఏ గదిలో పడుకుంటున్నారో, ఎవరికి కునుకు పట్టడం లేదో చెప్పేసేవాడు.

అంత తెలిసిన మనిషి కాస్త మంచిగా మాట్లాడవచ్చు కదా. మాట్లాడేవాడు కాదు. గృహప్రవేశానికి పిలిస్తే వచ్చి, హోమం పొగ ఎటు పోతోందో చూస్తూ కూర్చునేవాడు. బయటికి దారిలేక పొగ జనం కళ్లలోకే తిరుగుతుంటే ఆయన మొహం వెలిగిపోయేది. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, కొత్త బట్టల్లో నిలబడ్డ ఇంటాయనతో అందరికీ వినిపించేలా అనేవాడు:

“ఇల్లు బాగున్నాది. ఇందల మాత్రం ఉండకండి.”

పనివాళ్లని ఇంకా నంజుకు తినేవాడు. ఆయన దగ్గర తాపీ నేర్చుకున్న ఒకతను పడమటి గోడ మీద నీడ పడేలా ఇటుకలు ముందుకి పేర్చాల్సిన చోట తప్పు పేర్చాడు. అతని భార్య అదే పనిలో ఇసక మోస్తోంది. మేస్త్రి ఆమెని పిలిచి నీడలో కూర్చోబెట్టి, మొగుడి చేతే ఆ గోడంతా విప్పించాడు. ఒక్కో ఇటుక తీసినప్పుడల్లా ఆమెని లెక్కపెట్టమన్నాడు. ఆమె ఏడుస్తూ లెక్కపెట్టింది. నేను పక్కనే ఉన్నాను, చూస్తూ నవ్వాను. నాకు ఆ గతి పట్టనంతవరకూ అది నాకు వేడుకగానే ఉండేది.

పట్టింది. కె. కోటపాడు వైపు చెరుకు రైతుల ఇంట్లో మొదటి డిప్లొమా నాది. నా చేతి మీద లేచిన మొదటి ఇల్లు ఒక బెల్లం షావుకారుది. ప్లాను నాది, పని చేసింది నేను పెట్టిన తాపీవాళ్లు. పడమటి గది షావుకారు తల్లికని అనుకున్నారు, ఆవిడకి ఆయాసం. తలుపు, కిటికీ రెండూ ఒకే గోడకి పెట్టాను. అలా పెడితే మంచం వేసుకోవడానికి మిగతా మూడు గోడలూ ఖాళీగా ఉంటాయన్నది నా తెలివి. పూర్తయ్యాక చూడమని షావుకారు ఈయన్ని పిలిచాడు.

మే నెల, మధ్యాహ్నం మూడైంది. వచ్చాడు, పడమటి గోడకి చెయ్యి తిప్పి ఆనించాడు, కుర్చీ తెమ్మన్నాడు. కుర్చీ గది మధ్యలో వేయించాడు. షావుకారు ఉన్నాడు, పనివాళ్లున్నారు, సున్నం కలుపుతున్న ఆడవాళ్లున్నారు.

“కూకో బావూ,” అన్నాడు. “పది నిమిషాలు. ఆ ముసలమ్మ పదేళ్లు కూకోవాల మరి.”

నేను కూర్చోగానే తలుపు, కిటికీ మూయించాడు. ఎండ వేడికి కిటికీ ఎలాగూ తెరవరు కదా అన్నాడు. ఆ పది నిమిషాలూ స్లాబు నెత్తి మీద కూర్చున్నట్టే ఉంది. తలుపు తీసేసరికి కొత్త చొక్కా ఒంటికి అంటుకుపోయి, బొడ్డు కనిపిస్తోంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు.

“కాగితం మీద సెమటట్టదు,” అన్నాడు షావుకారుతో, నన్ను చూపిస్తూ.

ఆ తరవాత జరిగిందే నా మనసులో ముల్లులా ఉండిపోయింది. పాతకాలం మేస్త్రీలకి ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు కట్టిన గోడని ఇంకొకరు పగలగొట్టాలంటే, కట్టినవాడిని అడగాలి. అతను సరేనంటేనే ఉలి పెట్టాలి. అడక్కుండా పెడితే కట్టినవాడి చేతిని అవమానించినట్టు. మా రోజులకి దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు, ఈయన తప్ప. అవమానించకూడదని పెట్టిన ఆ కట్టుబాటుతోనే ఈయన మనిషిని నిలువునా అవమానించగలడు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“నీ గోడకి కన్నమెట్టమంటావా, ఇంజనీరు బావూ?”

పెట్టమని గొణిగాను.

“ఇనపడనేదు.”

మళ్లీ అన్నాను. మళ్లీ వినపడలేదన్నాడు. మూడోసారి అరిచినట్టే అన్నాను. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. అప్పుడు ఉలీ సుత్తీ తెప్పించుకుని, బల్ల ఎక్కి, ఎదుటి గోడకి స్లాబు కింద జానెడు పొడవు వెంటిలేటరు కన్నం కొట్టాడు. అరగంట పట్టింది. కింద కిటికీ కొంచెం తెరిపించి, అగరొత్తి వెలిగించి పట్టుకున్నాడు. పొగ పక్కకి వాలి, గోడ పాకి, ఆ కన్నంలోంచి బయటికి పోయింది. పని అయ్యాక నా మొహం కూడా చూడలేదు.

సిగ్గున్నవాడైతే ఆ ఊరు వదిలేసేవాడు. నేను ఆయన వెనకే తిరిగాను. మూడేళ్లు తిట్లు తింటూ నేర్చుకున్నాను. స్లాబు మీద కుండలు బోర్లించి పైన గచ్చు వేయడం, వేసవికి ముందు మేడ మీద తెల్ల సున్నం కొట్టడం, పడమటి కిటికీకి నీడ ఎంత ముందుకి రావాలో, అన్నీ. ఊళ్లోకి ఏసీలు వచ్చినప్పుడు కూడా ముందు ఆయనకే అర్థమైంది. ఏసీ గది కూడా బెల్లం కొట్టు లాంటిదే అన్నాడు. షావుకారు పడకగదిలో సందులన్నీ పొగతో పట్టి పూడ్చాడు. అంతవరకూ గంటల తరబడి ఆగకుండా ఆడిన మిషను కాసేపు ఆడి ఆగడం మొదలుపెట్టింది. చివర్లో మాత్రం గోడకి అరచెయ్యంత కన్నం వదిలి, చిన్న మూత పెట్టాడు. అదెందుకని షావుకారు గొడవ.

“బెల్లం ఊపిరి తియ్యదు. నువ్వు తీత్తావు,” అన్నాడు.

షావుకారు ఆ మూత మీద థర్మోకోల్ ముక్క అతికించుకుని నెల రోజులు తలనొప్పితో తిరిగాడు. ఈయన వెళ్లి దాన్ని పీకి, వాకిట్లో పారేసి వచ్చాడు.

ఇవన్నీ పెట్టుబడిగానే నేను కాంట్రాక్టరునయ్యాను. నా ఇళ్లు చల్లగా ఉంటాయని పేరొచ్చింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే చదువుకున్నానుగా అనేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆయన సంగతి ఎత్తలేదు.

ఆ తరవాత ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా అయింది. కొండకర్ల వెళ్లే దారి వైపు ఊరి బయట పేదలకి కాలనీ కడుతుంటే, అందులో ఒక వరస పని నాకు దొరికింది. పదహారు ఇళ్లు. ఒక్క గది, ముందు చిన్న వసారా, అన్నీ పడమటి మొహం. ప్లానులో వెనక గోడకి వెంటిలేటరు ఉంది. వానలు దగ్గర పడుతున్నాయి, గ్రిల్లులు రాలేదు. ఇటుకలతో మూసేయండి, తరవాత చూసుకుందామన్నాను. ఆ తప్పు అందరూ చేసేదే. అక్కడితో ఆగి ఉంటే దాని గురించి రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇళ్లు ఎవరెవరికో జాబితా వచ్చింది. చివరి ఇల్లు మేస్త్రిది. మా పెద్ద తాపీ నా దగ్గరికొచ్చాడు. భార్య లెక్కపెడుతుంటే గోడ విప్పినవాడే అతను.

“ఆ ఇంటికి కన్నం తీసీమంటారా?” అన్నాడు. “అరగంట పని. ముసిలోడు ఉడికిపోతాడు.”

అందరికంటే ఎక్కువ అవమానపడింది అతను. అతనికి గుర్తొచ్చింది ఆయన ఉడికిపోతాడని. నాకు గుర్తొచ్చింది ఆ కుర్చీ.

“ఉండనీ. ఆయనకి తెలీనిదా,” అన్నాను.

మిగతా పదిహేను ఇళ్లవాళ్లూ దిగిన వారంలోనే గునపాలు తెచ్చి వెనక గోడలు పొడిచేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు. ఎందుకడుగుతారు?

మేస్త్రి ఇంట్లో దిగిన రోజు ప్రార్థన పెట్టుకున్నారు. కట్టినవాణ్ణి కదా, నాకూ కబురొచ్చింది. మార్చి నెలాఖరు, మధ్యాహ్నం. పాస్టరు గారు ఇంటిని దీవించారు, పాట పాడారు, అందరికీ బూందీ, టీ ఇచ్చారు. గది నిండా జనం. మేస్త్రి మంచం మీద కూర్చుని, ఎడం చేత్తో జేబులోంచి అగరొత్తి తీశాడు. భార్య ఒకసారి పాస్టరు గారి వైపు చూసి, అగ్గిపుల్ల గీసింది.

పొగ దారంలా లేచింది. ఇటూ అటూ కదల్లేదు. నిట్టనిలువుగా స్లాబు దాకా పోయి అక్కడే పరుచుకుంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత ఎడం చెయ్యి తిప్పి పక్క గోడకి ఆనించాడు. తిడతాడని నేను సిద్ధంగా ఉన్నాను. తిట్టాలనే కోరుకున్నాను కూడా.

“మంచి పనే బావూ,” అన్నాడు మెల్లగా. “సుక్క గాలి పోదు. బెల్లం ఎట్టుకోవచ్చు.”

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు. వెక్కిరింత లేదు, చూపులో ఆ పదును లేదు. ముసలి మనిషి ఒక సాయం అడుగుతున్నాడు.

“నీ గోడకి కన్నమెట్టమంటావా?”

ఒక్క ‘సరే’ చాలు. వెనకే గుమ్మం దగ్గర పెద్ద తాపీ నిలబడి ఉన్నాడు.

“వినపడలేదు మేస్త్రీ,” అన్నాను.

ఆయన నోరు కూడగట్టుకుని మళ్లీ అడిగాడు. పక్షవాతం వచ్చిన నోరు, మాట సగంలో జారిపోయింది. మళ్లీ వినపడలేదన్నాను. గదిలో నవ్వు ఆగిపోయింది. మూడోసారి అడిగేటప్పుడు నోటి పక్కనుంచి ఉమ్ము కారింది, భార్య కొంగుతో తుడిచింది. ఆయనకి అప్పటికి అర్థమైంది. ఎక్కడి మాట ఎక్కడికొచ్చిందో ఆయన కళ్లలో కనిపించింది. తల కొంచెం వంచాడు. న్యాయమే అన్నట్టు వంచాడు. ఆ తల వంపు నాకిప్పటికీ నిద్రలో వస్తుంది.

అప్పుడైనా ‘సరే’ అనేయవచ్చు. నా గెలుపు అక్కడితో పూర్తయింది కదా. చూద్దాం, నేనే వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు అన్నాను. బూందీ పొట్లం పట్టుకుని వచ్చేశాను.

ఏప్రిల్లో ఆయన భార్య నా ఆఫీసుకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పనిలో ఉన్నానని చెప్పి పంపించాను. రెండోసారి ఆయన్నే రమ్మను అన్నాను. ఆయన గుమ్మం దాటలేడని నాకు తెలుసు. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నా గదిలో ఏసీ నడుస్తోంది. గోడకి మూత పెట్టిన అరచెయ్యంత కన్నం కూడా ఉంది.

వెళ్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఇంకో నాలుగు రోజులు ఉడకనీ, అప్పుడు వెళ్దాం అనుకున్నాను.

మే రెండో వారంలో పోయాడు. మధ్యాహ్నం మూడింటికి. డాక్టరు గుండె అన్నాడు, కాలనీవాళ్లు ఎండ అన్నారు. ఎవరూ గోడ అనలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి వెళ్లాను. మంచం తీసేశారు. గది ఖాళీగా ఉంది, అయినా ఊపిరి అందడం లేదు. ఎవరూ చూడటం లేదనుకుని చెయ్యి తిప్పి పడమటి గోడకి ఆనించాను. చురుక్కుమంది. పక్కకి తిరిగితే ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ ఉంది, రోజూ ఆయన ఒళ్లు తుడిచిన గుడ్డే అనుకుంటాను. నన్ను తిట్టలేదు. ఆవిడకి నా మీద కోపం ఉందో లేదో కూడా నాకు తెలియలేదు.

“మీరొచ్చి సూసీదాకా ఎవుల్నీ సెయ్యెయ్యనివ్వనేదు బావూ,” అంది. “పక్కింటోలు గునపం అట్టుకొత్తే తిట్టి పంపీసేడు. కట్టినోడు సెప్పాల అన్నాడు. నానే తీసీనా అంటే నా మీదా అరిసేడు.”

పైన ఇటుకలతో మూసిన చోటు వైపు చూసింది.

“నానొక్కద్దాన్నీ ఉండాల కదా ఇందల. ఇప్పుడెట్టించమంటారా?”

పెట్టించమన్నాను. మాట బయటికి వచ్చిందో లేదో నాకే తెలియదు. ఆవిడ వినపడలేదనలేదు.

పెద్ద తాపీ ఉలీ సుత్తీ తెచ్చాడు. నన్ను చూడకుండానే బల్ల ఎక్కాడు. అరగంట కూడా పట్టలేదు.